పండు ఈగల వంశవృక్షము

మామిడి పండు కోయగనే లోపల తెల్లని పురుగులు కదలుచుండుట చూడని తోట రైతు మన ప్రాంతములో అరుదు. పైకి నిగనిగలాడు బంగినపల్లి కాయపై సూదిమొన దిగినంత మచ్చ మాత్రమే కనబడును. తల్లి ఈగ తన వాడియైన తోకతో తొక్కను గ్రుచ్చి గ్రుడ్లు పెట్టిన చోటు అదియే. కాకర, బీర, పొట్ల, దోస పాదులలో గూడ ఇట్టి ఈగయే కాయను గ్రుచ్చును. కాయ వంకరపోయి, కుళ్ళి, రాలిపోవును. రైతులు ఈ రెండింటిని పండు ఈగ యనియే పిలుచుచున్నారు. కాని మామిడి తోటలో వందలకొలది ఈగలను పట్టిన మిథైల్ యూజినాల్ ఎర బుట్టను తెచ్చి కాకర పందిరికి కట్టినచో, కాకర ఈగలు దానివైపు తొంగియైనను చూడవు. బుట్ట వెల, కూలి, అన్నిటికంటె ముఖ్యముగా అదను వృథా యగును.

రెండును ఈగలే. రెండును కాయను గ్రుచ్చునవే. రెండింటి బ్రతుకు తీరును ఇంచుమించు ఒక్కటే. అయినను ఒకటి వచ్చిన ఎరకు రెండవది రాదు. ఈ తేడా వాటి పుట్టుకలోనే ఉన్నది. ఏ ఈగ ఏ ఈగకు దాయాది, ఏ శాఖ ఎక్కడ విడిపోయినది అను విషయమును శాస్త్రజ్ఞులు నేడు జన్యువుల సాక్ష్యముతో తేల్చుచున్నారు. ఆ పని ఎట్లు జరుగునో, దానివలన తోట రైతునకు, ఎగుమతిదారునకు ఏమి ఒరిగినదో ఈ వ్యాసములో తెలిసికొందము.

పేర్ల చిక్కు

ముందుగా ఒక పొరపాటును తొలగించవలెను. మాగిన అరటి గెలల దగ్గర, కల్లు కుండల దగ్గర ముసురుకొను నువ్వు గింజంత చిన్న ఈగ వేరు. దాని పేరు డ్రోసోఫిలా. ఆంగ్లములో దానినిగూడ పండు ఈగ యనుటచే కళాశాల విద్యార్థులు సైతము తికమకపడుచుందురు. అది కుళ్ళిన పండ్లపై పెరుగు ఈస్టును తిని బ్రతుకును. సామాన్యముగా మంచి కాయను గ్రుచ్చలేదు. మన పంటలను పాడుచేయు ఈగలు టెఫ్రిటిడే అను వేరు కుటుంబమునకు చెందినవి. అయినను ఈగల వంశములను జన్యువుల ద్వారా తెలిసికొను విద్య మొదట ఆ చిన్న ఈగపైననే పుట్టినది గనుక దాని ప్రస్తావన మరల వచ్చును.

మన మామిడి, జామ తోటలలో ముఖ్యముగా మూడు జాతులు కలవు: బాక్ట్రోసెరా డార్సాలిస్, బాక్ట్రోసెరా జొనాటా, బాక్ట్రోసెరా కరెక్టా. మూడును మిథైల్ యూజినాల్ వాసనకు వచ్చునవే. తీగజాతి కూరగాయలను ఆశించు ముఖ్యమైన ఈగ జ్యూగోడేకస్ కుకర్బిటే. ఇది క్యూ లూర్ అను వేరొక ఎరకు వచ్చును. ఆ పాదులలోనే డేకస్ సిలియేటస్ అను మరొక ఈగయు కలదు. అది ఈ రెండు ఎరలలో దేనికిని రాదు.

పాత పుస్తకములు తిరగవేయు వారికి ఇక్కడ ఒక సందేహము కలుగును. ఒకప్పుడు మామిడి ఈగను డేకస్ డార్సాలిస్ అనియు, కాకర ఈగను డేకస్ కుకర్బిటే అనియు వ్రాసినారు. 1980 దశాబ్దము చివరనుండి రెండింటిని బాక్ట్రోసెరా అను పేరు క్రిందకు తెచ్చినారు. 2015 తరువాత కాకర ఈగను మరల విడదీసి జ్యూగోడేకస్ అనుచున్నారు. పేర్లు మార్చుటకే శాస్త్రజ్ఞులున్నారా యని మా సిబ్బందిలో కొందరు విసుగుకొనుట కలదు. ఆ విసుగు న్యాయమైనదే. ఒకే పురుగునకు మూడు కరపత్రములలో మూడు పేర్లున్న రైతు దేనిని నమ్మవలెను? కాని ప్రతి మార్పు వెనుక ఒక తగవు, ఒక తీర్పు ఉన్నవి.

పూర్వము ఈగల జాతులను రంగు, రెక్కల మచ్చలు, వీపుపై పసుపు చారలు, గ్రుడ్లు పెట్టు అవయవము పొడవు చూచి నిర్ణయించెడివారు. ఈ పద్ధతి నేటికిని మొదటి మెట్టే. కాని రంగు నమ్మదగిన సాక్షి కాదు. ఒకే తల్లి పిల్లలలో ఒకరు చామనచాయ, ఒకరు నలుపు ఉన్నట్లు, ఒకే జాతి మామిడి ఈగలలో కొన్నిటి వీపు గోధుమ రంగునను, కొన్నిటి వీపు నలుపుగను ఉండును. ఇక పండులో దొరకిన పిల్ల పురుగు సంగతి చెప్పనవసరము లేదు. కాళ్ళు లేవు, రెక్కలు లేవు, అన్నియు తెల్లని బియ్యపు గింజలవలె ఒకే తీరున ఉండును. ఓడరేవులో, విమానాశ్రయములో తనిఖీ అధికారికి దొరకునది తరచు ఆ పురుగే.

వ్రాతప్రతుల పోలిక

జన్యువుల సాక్ష్యమును అర్థము చేసికొనుటకు తాళపత్ర ప్రతులను తలచుకొనుడు. అచ్చు లేని కాలమున ఒక గ్రంథమును చూచి మరియొకటి వ్రాసెడివారు. వ్రాయసగాడు ఎంత జాగ్రత్తపడినను ఎక్కడనో ఒక అక్షరము తప్పిపోవును. ఆ తప్పుల ప్రతిని చూచి వ్రాసిన వారందరు ఆ తప్పునుగూడ వ్రాయుదురు. వందేండ్ల తరువాత పది ఊళ్ళలో పది ప్రతులు దొరకినచో, ఏ తప్పులు ఏ ప్రతులలో కలసియున్నవో చూచి ఏది దేనినుండి వచ్చినదో పండితులు చెప్పగలరు. సి.పి. బ్రౌన్ దొర తెలుగు గ్రంథములకు అనేక ప్రతులు సేకరించి, పండితులచే సరిపోల్చించిన సంగతి చాల మందికి తెలిసినదే.

ప్రాణి శరీరములోని డి.ఎన్.ఎ. గూడ ఇట్టి వ్రాతప్రతియే. దాని లిపిలో నాలుగే అక్షరములు కలవు: ఎ, టి, జి, సి. మామిడి ఈగ డి.ఎన్.ఎ. మొత్తమును వ్రాసినచో 40 కోట్లకు పైగా అక్షరములగును. తల్లిదండ్రులనుండి పిల్లలకు ఈ వ్రాత నకలు దిగునప్పుడు అప్పుడప్పుడు ఒక అక్షరము మారును. రెండు శాఖలు విడిపోయిన తరువాత ఎవరి మార్పులు వారివే. కావున మార్పులను పోల్చినచో శాఖలు విడిపోయిన క్రమము బయటపడును.

ఇందులో ఒక మెలకువ కలదు. చాల మంది ఇక్కడనే జారిపడుదురు. మాదిరి కొరకు నేను కల్పించిన ఈ నాలుగు వరుసలను చూడుడు.

దూరపు బంధువు: ఎ టి జి సి ఎ టి
మొదటి ఈగ: ఎ టి జి సి జి టి
రెండవ ఈగ: ఎ సి జి టి ఎ టి
మూడవ ఈగ: ఎ సి జి టి ఎ సి

దూరపు బంధువుగా మనము ఎన్నుకొన్నది, ఈ మూడింటికి బయట ఉన్నదని ముందే తెలిసిన ఈగ. పాత వ్రాత ఎట్లుండెడిదో చెప్పుటకు అది సాక్షి. రెండవ, నాలుగవ స్థానములలో రెండవ ఈగకు, మూడవ ఈగకు ఒకే తీరు మార్పు వచ్చినది. ఆ మార్పులు వారి ఉమ్మడి తాతకు వచ్చియుండును. కనుక ఆ రెండును దగ్గర చుట్టములు. ఇప్పుడు మొదటి ఈగను చూడుడు. అది దూరపు బంధువుతో ఒక్క స్థానములోనే తేడా పడుచున్నది. అంత పోలిక ఉన్నది గనుక అవి దగ్గర చుట్టములనవచ్చునా? అనరాదు. మార్పు రాక పాత వ్రాత మిగిలిపోయినంత మాత్రమున చుట్టరికము రుజువు కాదు. పాత మిద్దె ఇండ్లు రెండు ఒకే తీరున ఉన్నంతనే యజమానులు అన్నదమ్ములు కారు గదా! కలసి పొందిన క్రొత్త మార్పే లెక్కకు వచ్చును. వంశవృక్షము గీయు పద్ధతులన్నిటికి ఈ సూత్రమే పునాది. నేడు వేలకొలది అక్షరములను కంప్యూటరు పోల్చును, ఒకే స్థానము రెండుసార్లు మారుటకు గల అవకాశములను గూడ లెక్కవేయును.

క్రోమోజోముల చారలు

అక్షరములు చదువు యంత్రములు రాక ముందే ఈగల వంశములు గీసినవారు కలరు. ఈగల పిల్ల పురుగు ఉమ్మినీటి గ్రంథులలో క్రోమోజోములు అసాధారణముగా లావెక్కి, అడ్డచారలతో కట్లపామువలె కనబడును. 1933లో పెయింటర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు డ్రోసోఫిలా ఈగలో ఈ చారలను సక్రమముగా చదువవచ్చునని చూపెను. 1936లో స్టర్టివాంట్, డాబ్జాన్‌స్కీ అనువారు ఆ చారలనుండి ఈగల చరిత్రనే చదివిరి.

వారి తర్కము చాల తేలికైనది. క్రోమోజోములో ఒక ముక్క విరిగి, తలక్రిందులై, మరల అతుకుకొనుట అప్పుడప్పుడు జరుగును. చారలకు అంకెలు వేసికొందము. ఒక ఊరి ఈగలలో వరుస 1 2 3 4 5 6 7 8 9 అని ఉన్నది. రెండవ ఊరిలో 1 2 6 5 4 3 7 8 9. మూడవ ఊరిలో 1 2 6 5 8 7 3 4 9. మొదటి వరుసలో 3 నుండి 6 వరకు ముక్క తిరిగినచో రెండవది వచ్చును. రెండవ దానిలో 4 3 7 8 అను ముక్క తిరిగినచో మూడవది వచ్చును. మొదటి దానినుండి మూడవదానికి ఒక్క తిరుగుడుతో పోవుటకు వీలులేదు. నడుమ రెండవది ఉండియే తీరవలెను. కాని దారి ఏ వైపునుండి మొదలైనదో వరుసలు మాత్రము చెప్పలేవు. మొదటినుండి మూడవదానికి రావచ్చును, మూడవదానినుండి మొదటికి పోవచ్చును, నడుమ దానినుండి రెండు వైపులకు చీలవచ్చును. దిక్కు తెలియవలెనన్న ఇక్కడగూడ దూరపు బంధువు కావలెను. హవాయి దీవులలో రెక్కలపై బొమ్మలుండు వందకు పైగా డ్రోసోఫిలా జాతులకు హాంప్టన్ కార్సన్ ఈ పద్ధతిపైననే వంశవృక్షము గీసెను. పాత దీవులలోని ఈగలనుండి క్రొత్త దీవులలోని ఈగలు చీలిన క్రమము అందులో చాలవరకు కనబడినది.

నాలుగు పేర్లు, ఒకే ఈగ

మామిడి ఈగను 1912లో హెండెల్ అను శాస్త్రజ్ఞుడు నేటి తైవాన్ దీవినుండి వచ్చిన నమూనాలపై వర్ణించి డార్సాలిస్ అని పేరు పెట్టెను. అదే కాలమున బీహారులోని పూసా పరిశోధనాలయములో పనిచేయు హౌలెట్, నిమ్మగడ్డి జాతికి చెందిన సిట్రొనెల్లా నూనెకు మగ పండు ఈగలు మూగుట గమనించి, ఆకర్షణ మిథైల్ యూజినాల్‌లో ఉన్నదని 1915 నాటికి వెల్లడించెను. నేడు ప్రపంచమంతట కట్టుచున్న ఎర బుట్టలకు మూలము మన దేశములో జరిగిన ఆ పరిశీలనయే. మన పెరటి తులసిలో గూడ ఈ పదార్థము కలదు. తులసి ఆకు రసమును ఎరగా వాడిన రైతులు కలరు.

1994లో డ్రూ, హాంకాక్ అనువారు ఆసియాలోని డార్సాలిస్ పోలిక ఈగలను పరిశీలించి 52 జాతులుగా విడదీసిరి. అందులో మలయా ప్రాంతపు ఈగ పపాయే, ఫిలిప్పీన్సు ఈగ ఫిలిప్పినెన్సిస్, నక్షత్ర పండును ఆశించునది కారంబోలే. తరువాత 2003లో తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో ఒక క్రొత్త ఈగ కనబడినది. కొద్ది సంవత్సరములలో అది సహారా ఎడారికి దక్షిణముననున్న దేశములనేకము ఆక్రమించి మామిడిని నాశనము చేసినది. అది శ్రీలంక ఈగలను పోలియుండెను. 2005లో దానికి ఇన్వాడెన్స్, అనగా దండెత్తి వచ్చునది, అను పేరు పెట్టిరి.

ఈ పేర్లు పుస్తకములలో ఉండిపోయినచో ఎవరికిని నష్టము లేకపోయెడిది. కాని దేశములు పండ్ల దిగుమతి నిషేధములను జాతి పేరును బట్టి వ్రాయును. మా దేశములో డార్సాలిస్ ఉన్నను పపాయే లేదు, కనుక మీ పండు రాకూడదని ఒక దేశము మరియొక దేశముతో అనవచ్చును. ఆస్ట్రేలియా ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో 1995లో పపాయే పేరుగల ఈగ కనబడినప్పుడు, దానిని నిర్మూలించుటకు 1999 వరకు శ్రమపడవలసి వచ్చినది. పరిశోధన ఫలితములకు గూడ ఈ పేర్లు అడ్డుగోడలైనవి. డార్సాలిస్‌పై పనిచేసిన చికిత్స ఇన్వాడెన్స్‌పై పనిచేయునో లేదో మరల మొదటినుండి పరీక్షించవలసి వచ్చెను.

కావున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కలసి 2010లో ఒక ఉమ్మడి పరిశోధన చేపట్టినవి. అణుశక్తి సంస్థకు ఈగలతో ఏమి పని యని అడుగవచ్చును. ఈగల కోశములను గామా కిరణములకు గురిచేసి, మగ ఈగలను సంతానహీనములుగా చేసి, లక్షలకొలది వదలు పద్ధతి ఒకటి కలదు. తోటలోని ఆడ ఈగ అట్టి మగదానితో కలసినచో గ్రుడ్లు పొదుగవు. జపాను ఒకినావా దీవులలో కాకర ఈగను 1993 నాటికి ఈ విధముగానే నిర్మూలించిరి. కాని వదలిన మగ ఈగ, తోటలోని ఆడ ఈగ ఒకే జాతివి కానిచో అవి కలియవు, ఖర్చంతయు గాలికి పోవును. అందుచేత ఏవి ఒకే జాతి అను ప్రశ్న వారికి కేవలము పాండిత్యపు ప్రశ్న కాదు.

పరిశోధకులు ఒక్క సాక్షిని నమ్ముకొనలేదు. మొదట డి.ఎన్.ఎ. చూచిరి. జీవకణములోని మైటోకాండ్రియాలో ఉండు సి.ఓ.ఐ. అను జన్యువులో సుమారు 658 అక్షరముల ముక్కను జంతువులను గుర్తుపట్టుటకు వాడవచ్చునని 2003లో కెనడాలోని పాల్ హెబర్ట్ బృందము ప్రతిపాదించినది. అంగడి వస్తువులపై గీతల గుర్తువలె దానికి డి.ఎన్.ఎ. బార్‌కోడు అని పేరు. ఇది ఎంతో ఉపయోగకరమైనదే గాని దీనికొక లోపము కలదు. మైటోకాండ్రియా తల్లినుండి మాత్రమే పిల్లలకు వచ్చును. ఇంటిలోని నగ అమ్మమ్మ వైపునుండి, పొలము తాత వైపునుండి వచ్చినప్పుడు, నగ ఒక్కటి చూచి ఇంటి చరిత్ర అంతయు చెప్పగలమా? కనుక కేంద్రకములోని ఇతర జన్యువులను గూడ చదివిరి. డార్సాలిస్, పపాయే, ఫిలిప్పినెన్సిస్, ఇన్వాడెన్స్ అను నాలుగింటి వ్రాతలు కలగలసి పోయినవేగాని, నాలుగు కొమ్మలుగా విడిపోలేదు.

పిదప వలగదులలో చెట్లు పెట్టి ఈగలను వదలి ఏది దేనితో కలయునో చూచిరి. ఈ నాలుగును తమ వారితో కలసినట్లే ఒకదానితో ఒకటి కలసినవి, వాటి పిల్లలు ఆరోగ్యముగా పుట్టినవి. మగ ఈగ మిథైల్ యూజినాల్ తిని దానిని మార్చి ఆడుదానిని ఆకర్షించు వాసనగా విడుచును. ఆ వాసనలోని పదార్థములును నాలుగింటిలో ఒకటే. కారంబోలే ఈగ సంగతి వేరు. అది మిగిలిన వానితో తక్కువగా కలసినది, కలసినప్పుడు గ్రుడ్లు సరిగా పొదుగలేదు, దాని వాసనయు వేరు. ఇందులో తమాషా ఏమనగా, ఉమ్మినీటి గ్రంథుల క్రోమోజోములను పోల్చినప్పుడు కారంబోలేతో సహా ఐదింటి చారలు ఒకే తీరున ఉండెను. క్రోమోజోములనే నమ్ముకొన్నవాడు ఐదింటిని ఒకటి చేసియుండును. రంగునే నమ్ముకొన్నవాడు ఐదుగా ఉంచియుండును. సాక్షులందరిని విచారించిన తరువాత నాలుగు ఒకటియని, ఐదవది వేరని తేలినది.

సుమారు 50 మంది శాస్త్రజ్ఞులు కలసి ఈ నిర్ణయమును 2015లో ప్రకటించిరి. నాలుగింటికి మిగిలిన పేరు, ముందు పెట్టినది గనుక, డార్సాలిస్. పేర్లు పెట్టిన వారిలో కొందరు దీనిని ఒప్పుకొనలేదు, తమ వాదమును 2016లో మరల వ్రాసిరి. శాస్త్రములో అట్టి తగవులు సహజమే. నా అభిప్రాయములో సాక్ష్యము బలము ఒకటి అనువారి వైపే ఉన్నది.

కాకర ఈగ ఇంటిపేరు

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వత్తము. కాకర ఈగను చాల కాలము మామిడి ఈగకు సోదరిగా లెక్కించి బాక్ట్రోసెరాలోనే ఉంచిరి. పైకి పోలిక అట్లున్నది. కాని డి.ఎన్.ఎ. పోలికలు వేరుగా చెప్పినవి. కాకర ఈగ, దాని దగ్గర జాతులు మామిడి ఈగ శాఖకంటె డేకస్ శాఖకు దగ్గరగా ఉన్నవని 2010 తరువాతి పరిశోధనలలో వెల్లడియైనది. అన్నదమ్ముల పిల్లలనుకొన్న వారిలో ఒకరు పొరుగింటి సంతానమని తేలినట్లయినది. అందుచేత 2015లో విర్జీలియో మొదలైనవారు ఆ శాఖను విడదీసి జ్యూగోడేకస్ అను ప్రత్యేక ప్రజాతిగా నిలిపిరి.

ఈ వృక్షమును దగ్గర ఉంచుకొని పంటలను చూచినచో కొన్ని సంగతులు చక్కగా కుదురును. జ్యూగోడేకస్ ఈగలలో పెక్కు తీగజాతి కాయలను, పూలను ఆశించును. డేకస్ ఈగలలోను తీగజాతి కాయలపై బ్రతుకునవి చాల కలవు. బాక్ట్రోసెరా శాఖ ముఖ్యముగా చెట్ల పండ్లపై బ్రతుకును. ఎరల విషయమును ఇంతే. జ్యూగోడేకస్ ఈగలు చాలవరకు క్యూ లూర్‌కు వచ్చును. డేకస్‌లో కొన్ని క్యూ లూర్‌కు వచ్చును, సిలియేటస్ వంటివి దేనికిని రావు. మామిడి తోటలోని మూడు ముఖ్య జాతులు మిథైల్ యూజినాల్‌కు వచ్చును. మినహాయింపులు లేకపోలేదు, బాక్ట్రోసెరా శాఖలోనే క్యూ లూర్‌కు వచ్చు జాతులు గూడ కలవు.

తోటలో దీని ఉపయోగము

మామిడి, జామ, సపోటా తోటలలో మిథైల్ యూజినాల్ బుట్టలు, కాకర, బీర, పొట్ల, దోస పాదులలో క్యూ లూర్ బుట్టలు కట్టవలెను. తోట నడుమ కూరపాదులున్నచో రెండును కావలెను. పాదులలో క్యూ లూర్ బుట్ట ఖాళీగా ఉండి, కాయలో మాత్రము పురుగు కనబడుచున్నచో మందు పనిచేయలేదని దుకాణదారుతో తగవుపడక ముందు డేకస్ సిలియేటస్‌ను అనుమానించవలెను. దానికి బుట్టలు చాలవు. పుచ్చిన కాయలను ఏరివేయుట, బెల్లము లేక మాంసకృత్తుల ఎరలో సిఫారసు చేసిన మందు కలిపి అక్కడక్కడ చల్లుట శరణ్యము. ఈ ఎర ఆడ ఈగలనుగూడ రప్పించును.

ఎర బుట్టలో పడునవి మగ ఈగలు మాత్రమే యని మరువరాదు. ఒక మగ ఈగ అనేక ఆడ ఈగలతో కలయగలదు గనుక, కొద్ది మగవి మిగిలినను గ్రుడ్లు పొదుగుచునే యుండును. కావున ఒక్క రైతు నాలుగు బుట్టలు కట్టి ఊరకుండుటకంటె ఊరి తోటలన్నిటిలో ఒకేసారి, కోతకు సుమారు రెండు నెలల ముందునుండి కట్టుట మేలు. రాలిన కాయలను ప్రతి రెండు మూడు దినములకు ఏరి లోతైన గుంటలో పూడ్చవలెను. పురుగు కాయను వీడి చెట్టు క్రింద నేల పైపొరలోనే కోశముగా మారును. అక్కడ నేలను గుల్లచేసినచో ఎండకు, పక్షులకు, చీమలకు చాల భాగము నశించును. నీలం వంటి ఆలస్యముగా కోతకు వచ్చు రకములలో, వానలు మొదలైన పిదప ఈగ ఉధృతి ఎక్కువ గనుక ఈ పనిని జూన్‌లో గూడ మానరాదు.

మరొక హెచ్చరిక. పరిణామము పాత యుగముల మాటయే కాదు. హవాయిలో ప్రయోగశాలయందు మిథైల్ యూజినాల్‌కు రాని మగ ఈగల సంతతినే ఏరి తరతరములు పెంచినప్పుడు, ఆ ఎరను లెక్కచేయని వంశము తయారైనది. అట్టి ఈగలు మన తోటలలో మితిమీరిపోకుండవలెనన్న ఎర ఒక్కదానినే నమ్ముకొనక, పారిశుద్ధ్యము, ఆహారపు ఎర, సకాలపు కోత కలిపి చేయవలెను.

ఎగుమతి సంగతియు చెప్పవలెను. 2013లో మన దేశమునుండి ఐరోపాకు వెళ్ళిన పండ్లు, కూరగాయల సరకులలో 207 సార్లు పండు ఈగ మొదలగు పురుగులు పట్టుబడినవి. దానిపై ఐరోపా సమాఖ్య 2014 మే 1 నుండి మామిడిని, దానితోపాటు వంగ, కాకర, పొట్ల, చేమలను నిషేధించినది. మామిడిపై నిషేధము 2015 జనవరిలో తొలగినది. కాయలను 48 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో 60 నిమిషములుంచి లోపలి గ్రుడ్లను, పురుగులను చంపు పద్ధతిని ఎగుమతి కేంద్రములలో పాటించుచున్నారు. పట్టుబడిన పురుగు ఏ జాతిదో తెలిసికొనుటకు పూర్వము దానిని పెంచి ఈగ వచ్చువరకు వేచియుండవలసి వచ్చెడిది. అంతలో పండు కుళ్ళెడిది. నేడు పురుగు ముక్కనుండి డి.ఎన్.ఎ. చదివి త్వరగా చెప్పవచ్చును. అయితే దగ్గర జాతులను బార్‌కోడు ఒక్కటే విడదీయలేదని పైన చెప్పిన సంగతి ఇక్కడ గుర్తుంచుకొనవలెను.

మీ పాదులలో గాని తోటలో గాని ఎన్నడును చూడని ఈగ కనబడినచో, లేక ఎన్నడును ఈగ పట్టని పంటకు పట్టినచో, నమూనా పంపుట మంచిది. పుచ్చిన కాయలను అడుగున ఇసుక పోసిన వెడల్పు సీసాలో ఉంచి, మూతికి పలుచని గుడ్డ కట్టుడు. పది పదునైదు దినములలో ఈగలు వెలువడును. వెలువడిన వెంటనే చంపినచో రంగులు, చారలు సరిగా తేరియుండవు. పంచదార నీటిలో ముంచిన దూదిని లోపల వేసి మూడు నాలుగు దినములు బ్రతుకనీయవలెను. పిదప సీసాను మంచుపెట్టెలో ఉంచినచో అవి చచ్చును. జన్యు పరీక్షకు వాటిని 95 శాతమునకు తగ్గని ఆల్కహాలులో వేయవలెను. ఫార్మలిన్‌లో వేసినవాటి డి.ఎన్.ఎ. చెడిపోవును, పరీక్షకు పనికిరాదు. సీసాలో పెన్సిలుతో వ్రాసిన చీటీ వేయుడు, సిరా ఆల్కహాలులో చెరిగిపోవును. చీటీపై తేది, గ్రామము, మండలము, ఏ పంట, ఏ రకము, ఈగ కాయలోనుండి పెంచినదా లేక బుట్టలో పడినదా, బుట్టయైనచో అందులో ఏ ఎర ఉన్నదో వ్రాసి మీ వ్యవసాయాధికారికి గాని ఉద్యానాధికారికి గాని అందజేయవలెను.